ఇరవై ఆరు డిగ్రీల సముద్రం

ముత్యాలరేవు సముద్రం ఉష్ణోగ్రత ఇరవై ఆరు డిగ్రీలు. వేసవిలో ఇరవై ఆరు, వానాకాలంలో ఇరవై ఆరు, తుఫానుకు ముందురోజు ఇరవై ఆరు, తుఫాను మర్నాడు కూడా ఇరవై ఆరే. తక్కిన సముద్రాలు చంచల స్వభావం కలవి కావచ్చు. మాది ప్రభుత్వ సముద్రం. మాట మీద నిలబడుతుంది.

ఈ నిలకడకు కారణం అచ్చుయంత్రం. ముప్పై ఏళ్ల కిందట మా తీరాన సముద్రజీవుల ప్రదర్శనశాల కట్టినప్పుడు, తొట్ల వివరాలు రోజూ రాయడానికి రిజిస్టర్లు అచ్చు వేయించారు. తేదీకి ఒక గడి, తొట్టి సంఖ్యకు ఒకటి, నీటి ఉష్ణోగ్రతకు ఒకటి, వేసిన మేతకు ఒకటి, చివర అధికారి సంతకానికి ఒకటి. అప్పటి సూపరింటెండెంటు దూరదృష్టి కలవాడు. ఒక పుష్యమాసపు ఉదయాన నీళ్లు కొలిపించి, ఇరవై ఆరు అని తేలగానే, సిబ్బందికి దినదినమూ ఆ అంకె వేసే శ్రమ ఎందుకని మూడో గడిలో దాన్ని అచ్చులోనే దిగవేయించాడు. మొత్తం నాలుగు వేల రిజిస్టర్లు. ఇంతవరకు తొమ్మిది వందలు ఖర్చయ్యాయి. కాబట్టి ఇంకో వందేళ్ల పైచిలుకు మా సముద్రం వేడెక్కే అవకాశం లేదు.

ఈ సంగతి నాకు వివరించినవారు ప్రస్తుత డైరెక్టరు గంటి భుజంగరావుగారు. వివరిస్తున్నప్పుడు ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఒక మనిషి ఉద్యోగం తీసివేయాలా వద్దా అని తేల్చడానికి కూర్చున్నాం. అటువంటి చోట నవ్వడం మర్యాద కాదు.

ఆ మనిషి పేరు మైలపల్లి దేముడమ్మ. రేవులో పుట్టి పెరిగిన మత్స్యకార స్త్రీ. పంతొమ్మిదేళ్లుగా ప్రదర్శనశాలలో చేపలకు మేత వేస్తున్నది. మహిళా సిబ్బందిపై విచారణ జరిపేటప్పుడు ‘సచ్ఛీలురాలైన విశ్రాంత విద్యావేత్త’ ఒకరు సంఘంలో ఉండితీరాలని నిబంధన ఉన్నదట. బాలికల పాఠశాలలో ముప్పై ఎనిమిదేళ్లు పనిచేసి విరమించినదాన్ని గనుక నన్ను పిలిచారు. నా శీలాన్ని గురించి ఎవరూ వాకబు చేయలేదు. కళ్లద్దాలు చూసి నమ్మారు. తక్కిన ఇద్దరు సభ్యులు భుజంగరావుగారు, సూపరింటెండెంటు మార్కండేయులు. నేరం మోపినవారూ, విన్నవారూ, సాక్ష్యం చెప్పినవారూ ఆ ఇద్దరే కావడం వల్ల విచారణ చకచకా సాగింది.

మార్కండేయులు గొంతు సవరించుకుని అభియోగపత్రం చదివాడు.

“తొట్లయందలి జీవరాశిలో సాలీనా పన్నెండు శాతము మృతి అనుమతింపబడియుండగా, సదరు ఉద్యోగిని అధీనములోని ఏడవ తొట్టియందు గత మూడు సంవత్సరములుగా ఒక్క మృతియు సంభవించియుండలేదు. కావున అనుమతింపబడిన మృతులు ఏమైనవో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.”

మళ్లీ చదవమన్నాను. చదివాడు. అర్థం మారలేదు.

“సావనేదని నాకు శిచ్చేటి బాబూ?” అన్నది దేముడమ్మ. “సావకుండా సూసుకోమనే గదా నన్నెట్టుకున్నారు?”

“భావోద్రేకాలకు తావు లేదు,” అన్నారు డైరెక్టరుగారు. “నిర్ణీత మేత వేస్తే నిర్ణీత సంఖ్యలో చావాలి. శాస్త్రం అది. చావలేదంటే నిర్ణీతం కాని మేత ఏదో పడుతున్నదన్నమాట. వేశావా, లేదా?”

“ఏసినాను. మా తమ్ముడి పడవలో కవళ్ల చేపలు. రోజూ ఓ బుట్ట అట్టుకొచ్చి ఏసినాను.”

“ఒప్పుకున్నది!” అని మార్కండేయులు కలం అందుకున్నాడు. “ప్రభుత్వ జీవులకు అనధికార ఆహార ప్రదానము. రాసుకుంటున్నాను సార్.”

నేను చదువుకున్న కాన్వెంటులో మదర్ థెక్లా అనే ఆవిడ మాకు రెండే రెండు సూత్రాలు నేర్పింది. అబద్ధం చెప్పరాదు. అడగనిదే మాట్లాడరాదు. మొదటిది దేముడమ్మకు ఎవరూ నేర్పకుండానే వచ్చినట్టున్నది. నేను అడిగాను, “ఎందుకు వేశావు దేముడమ్మా?”

“ఆకలమ్మా. ఇంకేటుంటాది? మనకైతే ఎండైనా వానైనా ఒంట్లో వేడి ఒకటే. చేపకలాగ కాదు గదమ్మా. నీరెంత వేడో దాని ఒల్లూ అంత వేడి. నీరు కాగితే లోన పొయ్యి మంట పెద్దదైపోద్ది. మంట పెద్దదైతే పుల్లలెక్కువ కావాల గదా? ఆరు కవళ్లతో పెద్దాయనకి ఏ మూలకొత్తాదమ్మా?”

పెద్దాయన అంటే ఏడో తొట్టిలోని బొంతచేప. రాళ్ల సందుల్లో బతికే పెద్దనోటి చేప. ప్రదర్శనశాల తెరిచిన సంవత్సరమే పట్టి తెచ్చినది. దానికి దినానికి ఆరు కవళ్లని ఇరవై ఆరు డిగ్రీల నాడు నిర్ణయించారు.

“నీళ్లు కాగడం అనేది ఉద్యోగిని ఊహ,” అన్నారు డైరెక్టరుగారు. “రిజిస్టరులో ఆధారం లేదు.”

తొట్టి చూస్తానన్నాను. చూడవచ్చునో కూడదో నిబంధనల్లో పావుగంట వెతికారు. కూడదని ఎక్కడా దొరకలేదు.

*

ఏడో తొట్టి అద్దానికి తెల్లకాగితం ఒకటి అంటించి ఉన్నది. దాని మీద ఏమీ రాసి లేదు. ఏమిటని అడిగాను.

“మెమో,” అన్నాడు మార్కండేయులు. “రాత లోపలివైపు ఉన్నదండీ. చిరునామాదారు లోపల నివసిస్తున్నందువల్ల.”

జరిగినది ఇది. ఫాల్గుణమాసంలో దేముడమ్మ జ్వరంతో పదిహేను రోజులు సెలవు పెట్టింది. ఆ పదిహేను రోజులూ మేత నిబంధన ప్రకారం పడింది. పదకొండో రోజున బొంతచేప తన తొట్టిలోనే ఉండే రెండు చిలకచేపలను మింగేసింది. సహజీవన నియమాల ఉల్లంఘన కింద దానికి మెమో జారీ అయింది. నివాసస్థలంలో అంటించాలన్నది నియమం. ఏడు రోజుల్లోగా జవాబు రాకపోవడంతో చెప్పుకోవలసినది ఏమీ లేదని భావించి, మేతను ఆరు నుంచి ఐదుకు తగ్గించారు.

“రెండు చేపలను మింగినది ఆకలివల్ల కదా? మేత తగ్గించారేమిటి?”

“రెండు చేపలు అదనంగా తిన్నది కదండీ. వాటిని మృతుల్లో కాదు, మేతలో రాశాం,” అన్నాడు మార్కండేయులు.

మా బడి ప్రయోగశాల నుంచి అరువు తెచ్చుకున్న థర్మామీటరు నా సంచిలో ఉన్నది. తొట్టిలో ముంచాను. ముప్పై ఒకటి చూపించింది. డైరెక్టరుగారు దానివంక, పిల్లలు తెచ్చిన చెత్తబొమ్మవంక చూసినట్టు చూశారు.

“అది గుర్తింపు పొందిన పరికరం కాదు మేడమ్. అధికారిక ఉష్ణమాపకం మా దగ్గరున్నది. రండి.”

ఆయన గదికి వెళ్లాం. ఏసీ నడుస్తున్నది. గాజు తలుపుల బీరువాలో, పట్టుగుడ్డ పరిచి, ఇత్తడి తొడుగుతో మూరెడు పొడవున అధికారిక ఉష్ణమాపకం పవళించి ఉన్నది. దాని మెడకు ఎర్రదారం. ఇరవై ఆరు చూపిస్తున్నది.

“చూశారా!” అన్నారాయన.

ఏసీ ఎంతకు పెట్టారని అడిగాను. విద్యుత్తు పొదుపు ఉత్తర్వు ప్రకారం ఇరవై ఆరుకేనట.

“దీన్ని ఎప్పుడైనా నీళ్లలో పెట్టారా?”

ఆయన ముఖం నొచ్చుకున్నట్టయింది. “సున్నితమైన పరికరమండీ. ఉప్పునీటిలో పెడితే పాడైపోదూ?”

*

తుది తీర్పు పది రోజులకు వాయిదా పడింది. ఈలోగా దేముడమ్మను పని నుంచి తప్పించారు. అనధికార బుట్ట ఆగిపోయింది. రోహిణి కార్తె వచ్చింది. రోళ్లు పగిలాయో లేదో నేను చూడలేదు కాని, రేవులో పడవలు ఇంతకుముందు వెళ్లే దూరానికి రెట్టింపు వెళ్లి సగం బుట్టతో వస్తున్నాయని మాత్రం విన్నాను. ఒడ్డున నీరు కాగుతుంటే చేప చల్లదనం వెతుక్కుంటూ లోతుకు పోతున్నదట. స్వేచ్ఛగా ఉన్న చేపకు ఆ సౌకర్యం ఉన్నది. తొట్టిలో నీరు మాత్రం ఒడ్డు పక్కనే వేసిన గొట్టంలో నుంచి వస్తుంది.

ఆరో రోజు పొద్దున భుజంగరావుగారు ఫోన్ చేశారు. గొంతులో పండుగ వినిపించింది.

“శుభవార్త మేడమ్! సమస్య సమూలంగా పరిష్కారమైంది. బొంత మేత ముట్టడం లేదు. వేసిన ఐదూ ఐదే మిగులుతున్నాయి. నాలుగు రోజులుగా! ఆకలి అనే ప్రశ్నే లేదని నిరూపితమైంది. మేతను రెండుకు కుదించే ప్రతిపాదన పంపుతున్నాను. సముద్రజీవుల్లో ఆకలిని నిర్మూలించిన తొలి సంస్థ మనదే. పైనుంచి అతిథిగారు ఎల్లుండి వచ్చి ‘ఆకలి రహిత తొట్టి’ అని ఫలకం ఆవిష్కరిస్తారు. మీరు ముందువరుసలో కూర్చోవాలి.”

ఫోన్ పెట్టేసరికి గుమ్మంలో దేముడమ్మ నిలబడి ఉన్నది. చెప్పులు బయట విడిచి వచ్చి, కూర్చోమంటే కూర్చోలేదు.

“పెద్దాయన తిండి మానేసినాడటమ్మా. వాచ్‌మేను సెప్పినాడు.”

“ఆకలి తీరిందంటున్నారు.”

“తీరడమేటమ్మా!” ఆమె గొంతు ఒక్కసారి లేచింది. “మంట పెద్దదైతే పుల్లలెక్కువ తింటాదన్నాను. అది మరీ మీదికొచ్చీసిందనుకో, పుల్లెట్టే సెయ్యే కాలిపోద్ది. ఇంక దగ్గరకెల్లలేవు. నీరు మరీ కాగిపోతే చేప మింగలేదమ్మా. మింగకపోయినా లోన పొయ్యి ఆరదు. ఇల్లు పీకి కాల్సుకుంటాది. ఒంట్లో కండంతా కరిగిపోద్ది. తినని చేప కడుపు నిండిన చేప కాదమ్మా. సావుకి కూకున్న చేప. ఆడికి ఇంకో మూడు రోజులు. నా ఉజ్జోగం తీసేత్తే తీసీమనండి. ఆన్ని సల్లబెట్టనీమనండి సాలు.”

“ఎలా చల్లబెడతావు?”

“రేవులో ఐసు మిల్లుంది గదమ్మా. ఐసు ముక్కలు గోనెల్లో కాదు, పలాస్టిక్ సంచుల్లో మూతి బిగించి దింపుతాను. గబుక్కున కాదు, మెల్లమెల్లగా. రెండ్రోజులు పడతాది.”

నేను చీర మార్చుకుని, గొడుగు తీసుకుని బయలుదేరాను.

*

“అసంభవం!” అన్నారు భుజంగరావుగారు. “ప్రస్తుతం తొట్టిలో నీరు ఇరవై ఆరు. మీరు ఐదు డిగ్రీలు తగ్గిస్తే ఇరవై ఒకటి అవుతుంది. ఉష్ణమండల జీవి చలికి చచ్చిపోతుంది. జీవహింస కేసు పడుతుంది మేడమ్. నేను అనుమతించలేను.”

ఆ వాదంలో లోపం పట్టుకోవడానికి నేను కాసేపు నిజంగానే ప్రయత్నించాను. లోపం లేదు. ఇరవై ఆరును ఒప్పుకుంటే తక్కినదంతా నిర్దుష్టం. కనుక ఇరవై ఆరును ఒప్పుకున్నాను.

కాగితం అడిగి, విచారణ సంఘ సభ్యురాలి హోదాలో మధ్యంతర ఉత్తర్వు రాశాను. ఏడో తొట్టి ఈ విచారణలో సాక్ష్యం. విచారణ ముగిసేవరకు సాక్ష్యాన్ని రిజిస్టరులో నమోదైన స్థితిలోనే భద్రపరచాలి. నమోదైన స్థితి ఇరవై ఆరు డిగ్రీలు. అంతకన్నా వేడిగా గాని చల్లగా గాని కనబడితే బాధ్యులు, ప్రతిరోజూ ఆ గడి పక్కన సంతకం చేసినవారు.

మార్కండేయులు చదివి పాలిపోయాడు. “సార్, సంతకాలు మనవే.”

“దీనికి అభ్యంతరం చెప్పదలచుకుంటే,” అన్నాను, “తొట్టి ఇరవై ఆరులో లేదని రాసివ్వండి. అదీ ఫైలులో పెట్టుకుంటాను.”

ఏసీ గదిలో భుజంగరావుగారి నుదుట చెమట పట్టింది. సంతకం చేశారు. తరువాత, గౌరవం కాపాడుకోవడానికన్నట్టు, “సాక్ష్య భద్రత నిమిత్తం మాత్రమే. ఆకలి నిమిత్తం కాదు,” అని కింద చేర్చారు.

ఆ సాయంత్రానికి దేముడమ్మ తమ్ముడు ఐసు సంచులు తెచ్చాడు. ఆమె ఒక్కొక్క సంచీ మూతి బిగించి తాడుకు కట్టి దింపింది. కరిగినది తీసి మరొకటి దింపింది. బొంత మూలకు ఒరిగి ఉన్నది. నోరు తెరుచుకుని, మొప్పలు ఎగిరెగిరి పడుతున్నాయి. వరండాలో వేసిన కుర్చీలో కూర్చుని నేను గంటగంటకూ నా గుర్తింపులేని థర్మామీటరు ముంచి, చూసినది కాగితం మీద వేస్తూ వచ్చాను. ముప్పై మూడు. ముప్పై రెండున్నర. మర్నాటికి ముప్పై. ఆ మరుసటి పొద్దుటికి ఇరవై ఎనిమిది.

“మొప్ప నెమ్మదించిందమ్మా,” అన్నది దేముడమ్మ. అద్దం మీద అరచెయ్యి ఆనించి, “ఓరయ్యా పెద్దాయనా, సూడు, నాను, దేముడమ్మని,” అన్నది. చేప ఆమె వైపు తిరిగింది. ఇది సాక్ష్యంగా చెల్లదని నాకు తెలుసు. చూసినది చెబుతున్నాను.

“డైరెక్టరుగారు అంటున్నారు,” అన్నాను, “తొట్టి చిన్నది కనుక ఈ గొడవ, సముద్రానికి ఏమీ కాదని.”

“తొట్లో నీరెక్కడిదమ్మా? మా రేవు నీరే గదా.” ఆమె ఖాళీ సంచి పిండి పక్కన పెట్టింది. “తొట్టికైతే నాలుగు మోపుల ఐసు తేగలను. సముద్రానికి ఎంత ఐసని తెత్తాను?”

నేను థర్మామీటరు మళ్లీ ముంచి, చూసినది కాగితం మీద వేశాను.

*

అతిథిగారు పదింటికి రావలసి పన్నెండున్నరకు వచ్చారు. సన్నాయి వాయించారు. ‘ఆకలి రహిత తొట్టి’ అన్న ఫలకం మీద పట్టుతెర వేలాడుతున్నది. లోపలివైపు రాత ఉన్న మెమో మీద బంతిపూల దండ వేశారు. దేముడమ్మను స్తంభం వెనక్కు నిలబడమన్నారు, విచారణలో ఉన్న మనిషి ఫోటోలో పడకూడదని.

భుజంగరావుగారు ప్రసంగించారు. “మహోదయా! ప్రపంచమంతటా సముద్రాలు వేడెక్కుతున్నాయనీ, జలచరాల జీవక్రియ అదుపు తప్పుతున్నదనీ కొందరు నిరాశావాదులు గోల పెడుతున్నారు. మన పరిధిలో అటువంటి అవాంఛనీయ సంఘటన ఏదీ చోటుచేసుకోలేదు. ముప్పై సంవత్సరాలుగా ఒక్క డిగ్రీ కూడా పెరగనివ్వలేదు. ఆరు రోజులుగా ఈ జీవి ఆహారం కోరలేదు. కోరిక లేనిచోట ఆకలి లేదు.”

చప్పట్లు మోగాయి. అతిథిగారు ముచ్చటపడ్డారు. “ఏదీ, ఒకసారి కొలిచి చూపించండి. టీవీవాళ్లు కూడా ఉన్నారు.”

మార్కండేయులు డైరెక్టరుగారి వంక చూశాడు. డైరెక్టరుగారు నా వంక చూశారు. నేను పైకప్పు వంక చూశాను. అడగని ప్రశ్నకు జవాబివ్వడం నా పెంపకంలో లేదు.

చివరికి అధికారిక ఉష్ణమాపకాన్ని పళ్లెంలో పెట్టి తెచ్చారు. ముప్పై ఏళ్లలో అది నీళ్లను చూడటం అదే ప్రథమం. డైరెక్టరుగారు మెట్టెక్కి, ఎర్రదారం వేలికి చుట్టుకుని, గంగపూజలో దీపం వదిలినంత భక్తిగా దాన్ని తొట్టిలోకి దించారు. మూరెడు పొడవున ఇత్తడి, కిటికీలో నుంచి పడుతున్న ఎండకు, కానాగంత చేప పొట్టలా తళతళలాడింది.

పెద్దాయన ఆరు రోజులుగా ఏమీ తినలేదు. రెండు రోజులుగా ఒంట్లో హాయిగా ఉన్నది. ఆయన మూలలో నుంచి కదిలినట్టు కూడా కనిపించలేదు. నోరు ఒక్కటే కనిపించింది. తరువాత దారం.

“సార్, దారం వదలండి సార్!” అని మార్కండేయులు కేక పెట్టాడు. డైరెక్టరుగారు వదిలారు. ఎర్రదారం కొస కాసేపు బొంత పెదవి మీద మీసంలా ఊగి, అదీ లోపలికి పోయింది.

అతిథిగారు ఫలకం వంక చూసి, చేప వంక చూసి, “ఆకలి లేదన్నారు కదండీ?” అన్నారు.

“అబ్బే, ఇది ఆకలి కాదు మహోదయా,” అన్నారు భుజంగరావుగారు. “కుతూహలం.”

*

ఆపై వెలువడిన ఉత్తర్వు నా దగ్గరున్నది. “అధికారిక పరికరము ప్రస్తుతము ప్రభుత్వ జీవి ఉదరమందు భద్రముగానున్నందున, సదరు జీవి ప్రాణరక్షణ అత్యావశ్యకమైనది. పరికరము సహజమార్గమున వెలువడు పర్యంతము, జీవి స్వభావమెరిగిన మైలపల్లి దేముడమ్మను విధులలో కొనసాగించవలెను. త్వరిత నిర్గమనార్థము జీవికి కోరినంత మేత వేయవలెను. నీటిని ఐసుతో తగు చల్లదనమున ఉంచవలెను. పరికరము లభ్యము కానంతవరకు ఉష్ణోగ్రత గడిలోని అచ్చు అంకెను కొట్టివేసి, విచారణ సంఘ సభ్యురాలి పరికరముతో కొలిచి చేతితో రాయవలెను.”

అప్పటినుంచి నేను రోజూ ఉదయం వెళ్తున్నాను. గొట్టం నుంచి వచ్చే సముద్రపు నీటిని ముందు కొలుస్తాను, తరువాత తొట్టిని. మార్కండేయులు రూళ్లకర్ర పెట్టి ఇరవై ఆరును కొట్టేసి, గొట్టం నీరు ముప్పై అనీ, ముప్పై ఒకటిన్నర అనీ రాస్తున్నాడు. మొదట్లో రూళ్లకర్రను రెండుసార్లు సర్దుకునేవాడు. ఇప్పుడు అలవాటైంది. “వేడెక్కుతున్నదండీ,” అన్నాడు మొన్న, తనే కనిపెట్టినట్టు. విచారణ ఇంకా ముగియలేదు. పరికరం బయటపడ్డాకనే తుది తీర్పు అని ఫైలు మీద రాశారు. ప్రతి సోమవారం డైరెక్టరుగారు తొట్టి దగ్గరకు వచ్చి అడుగున వెతికి, నిట్టూర్చి, మేత ఇంకొంచెం పెంచమని చెప్పి వెళ్తుంటారు. పెద్దాయన ఒళ్లు చేశాడు.

బొంతచేప తనకు గిట్టనిది ఏది మింగినా గంటలో కక్కేస్తుందట. రేవులో పసిపిల్లకు కూడా తెలిసిన సంగతి. ఆవిష్కరణ జరిగిన మధ్యాహ్నమే, అతిథిగారి కారు గేటు దాటకముందే, దేముడమ్మ తొట్టి అడుగు నుంచి దాన్ని ఏరి, కడిగి, కొంగుతో తుడిచి, “ఇదేటి సేయమంటారమ్మా?” అని నా చేతిలో పెట్టింది.

నా బీరువాలో, పట్టుచీరల మధ్య ఉన్నది. ఎర్రదారం కూడా పాడు కాలేదు. మా ఇంట్లో ఏసీ లేదు. కాబట్టి ఈమధ్య నిజమే చెబుతున్నది.

అబద్ధం చెప్పరాదని మదర్ థెక్లా నేర్పింది. నేను చెప్పను. ఉష్ణమాపకం ఎక్కడున్నదని ఎవరైనా అడిగిన క్షణమే తెచ్చి ఇచ్చేస్తాను.

ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు.